గంజినీళ్ల మాట వెనక్కి తెచ్చుకోవడానికి కాళహస్తి దాకా

చిత్తూరు నుంచి శ్రీకాళహస్తికి బస్సెక్కేవాళ్లలో ఎక్కువమంది గ్రహదోషం పోగొట్టుకోవడానికి పోతారు. నేను పోయింది, నా నోటితో నేనే ఒక మనిషికి అంటించిన దోషాన్ని తుడవడానికి. దీనికి పూజ లేదు, టికెట్టు కౌంటరు లేదు. నేను ఎవరెవరికి ఏం చెప్పానో వాళ్ల గడపలన్నీ తిరిగి, అది తప్పని నేనే చెప్పాలి. ఇలాంటి యాత్ర చేసినవాళ్లు మా వైపు తక్కువ. చేయాల్సినవాళ్లు మాత్రం బస్సుకు సరిపోయేంత మంది ఉంటారు. వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

చిత్తూరు: బయల్దేరే ముందు

చిత్తూరులో నాది కోళ్ల దాణా వ్యాపారం. చాలా ఏళ్లుగా ఇదే పని. ఈ పనిలో ముదిరినవాడికి లోకమంతా ఒకే లెక్కగా కనబడుతుంది. ఇంత దాణా లోపలికి పోతే ఇంత మాంసం రావాలి. రాలేదంటే మధ్యలో ఎవరో ఏదో చేశారు.

నా తమ్ముడు గజేంద్ర, వాడి భార్య సులోచన తిరుపతిలో చిన్న మెస్సు నడుపుతారు. పోయిన వానాకాలం గజేంద్రకు ఊపిరితిత్తుల్లో చీము పట్టి, ఆ విషం రక్తానికెక్కి, ఐసీయూలో పడ్డాడు. నోట్లో ఒక గొట్టం, ముక్కులో ఒక గొట్టం. నేను పరామర్శకు పోయాను. మా వైపు పరామర్శ అంటే రోగిని చూడటం కాదు, రోగి పక్కన ఉన్నవాళ్లను తనిఖీ చెయ్యడం. యాపిల్ పళ్ల సంచి కింద పెట్టి, మనిషిని పాదం నుంచి తల దాకా చూసి, "చిక్కిపోయినాడే" అని తీర్పు చెప్పి, నిదానంగా భార్య వైపు తిరగాలి. ఆ పద్ధతిలో నేను ఆరితేరినవాణ్ణి.

వాడు నిజంగానే చిక్కిపోయాడు. బియ్యం మూటను ఒంటి భుజం మీద వేసుకునే మనిషికి, తొడ ముంజేయంత అయింది. సులోచన నర్సు నేర్పిన ప్రకారం, పలచగా తెల్లగా ఉన్నదేదో ముక్కు గొట్టంలోకి కొంచెం కొంచెంగా పోస్తోంది. గంజినీళ్లు, అనుకున్నాను. లెక్క తేలిపోయింది. దాణా సరిగా పడటం లేదు, అందుకే బరువు లేదు.

మా వీధి జిమ్ము యజమాని, కండ పట్టడానికి గ్రోత్ హార్మోన్ అని ఒక ఇంజెక్షన్ ఉందని చెప్పాడు. ఆ పేరు పట్టుకుని ఐసీయూ డాక్టరమ్మ ముందు నిలబడ్డాను.

"ఆ హార్మోన్ మీ తమ్ముడికి తక్కువ కాలేదండీ, ఎక్కువే ఉంటుంది," అంది ఆమె.

"ఎక్కువుంటే కండ యాడమ్మా?"

"అది సగం పని లివర్ ద్వారా చేస్తుంది. అది లివర్‌కు ఆర్డర్ ఇస్తే, లివర్ ఇంకో హార్మోన్ తయారు చేసి ఒంటికంతా పంపుతుంది, అప్పుడు కండ నిలబడుతుంది. ఇప్పుడు ఇన్ఫెక్షన్ వల్ల ఒళ్లంతా లోపల మంట రేగి ఉంది. ఆ మంటలో పుట్టే రసాయనాలు లివర్ చెవులు మూసేస్తాయి. పైనుంచి ఆర్డర్లు వస్తానే ఉంటాయి, లివర్ వినదు. ఇంకోపక్క ఒళ్లు తన కండను తనే కరిగించి జబ్బుతో కొట్లాటకు వాడుకుంటుంది. మనం పోసే ఆహారం ఆ నష్టాన్ని కొంచెం తగ్గిస్తుంది, పూర్తిగా ఆపలేదు. మంట ఆరాకే కండ పడుతుంది."

"అయితే ఇంకొంచెం హార్మోన్ ఎక్కిస్తే?"

"ఇట్లా ప్రాణం మీదికి వచ్చినవాళ్లకు ఒకప్పుడు ఎక్కించి చూశారు. చనిపోయేవాళ్లు ఎక్కువయ్యారు. మీకు తమ్ముడు కావల్నా, కండ కావల్నా?"

తమ్ముడే కావాలని చెప్పి బయటికొచ్చాను. బస్సు చంద్రగిరి దాటేలోపు ఆమె చెప్పిందంతా మరిచిపోయాను. డాక్టరమ్మ కథలో దోషి లేదు. నా కథలో ఉంది. దోషి ఉన్న కథే బస్సులో చెప్పుకోవడానికి బాగుంటుంది.

చెప్పాను. పూతలపట్టులో దిగి, నా దాణా కొనే మునస్వామి ఇంట్లో చెప్పాను. చిత్తూరులో అంగడికి వచ్చినవాళ్లందరికీ చెప్పాను. శ్రీకాళహస్తిలో మా మేనత్త రాజమ్మకు ఫోన్ చేసి మరీ చెప్పాను. తమ్ముడు బతికాడు, ఇంటికొచ్చాడు. అప్పటికి నా మాట వాడికంటే ముందే లేచి నాలుగూళ్లు తిరిగింది. సొంత మొగుడికే గంజినీళ్లు పోసిన మనిషి మనకేం పెడుతుందని మెస్సుకు వచ్చేవాళ్లు తగ్గారు. ఆస్పత్రి రోజుల్లో మూతపడిన మెస్సును సులోచన మళ్లీ తెరిచింది ఒకే ధైర్యంతో. మా రాజమ్మత్త మనవరాలి పెళ్లి వంట తనకే అని మాట ఉంది. అది దక్కితే నలుగురి నోళ్లలో పడి మెస్సు నిలబడుతుంది. దక్కకపోతే మెస్సు వేరేవాళ్లకు వదిలేయడమే.

అత్త ఆ వంట వెనక్కి తీసుకుంది. ఆ సంగతి చెప్పింది నా భార్య. "మీ దాణాకు లేని బలం మీ మాటకు ఉండాది," అంది.

అదే వారం మునస్వామి ఫోన్ చేశాడు. కోళ్లు తింటున్నాయి గానీ బరువు రావడం లేదు, దాణా మోసమా అని. నాకు పౌరుషం వచ్చింది. "దాణా బంగారం అబ్బా. కోళ్లకు జబ్బు తగిలింటాది. ఒంట్లో జబ్బు పెట్టుకోని తింటే ఒంటికి పడుతుందా? నువ్వు ఎంత పోసినా అంతే," అని దబాయించాను. ఫోన్ పెట్టేశాక అంగట్లో నేనొక్కణ్ణే ఉన్నాను. ఆ మాటలు మాత్రం అక్కడే నిలబడి ఉన్నాయి.

మర్నాడు సంచిలో రెండు బెల్లం అచ్చులు వేసుకుని బస్సెక్కాను.

పూతలపట్టు

పూతలపట్టు నాలుగు వైపులకు బస్సులు దొరికే కూడలి. దిగినవాడు టీ తాగకుండా కదలడు. టీ పది రూపాయలు, ఉడకేసిన శనక్కాయలు ఇరవై. శనక్కాయలామె కొలిచే డబ్బాలో అడుగున ఒక మడత కాగితం ఉంది. అడిగితే, "అది లేకుంటే నాకు గిట్టదు సామీ," అని దాచకుండా చెప్పింది. నా యాత్రలో నేను కలిసిన మొదటి నిజాయితీపరురాలు ఆమే.

మునస్వామి షెడ్డు ఊరి బయట. బ్రాయిలర్ కోళ్లను వేలల్లో పెంచేవాడు ఇంట్లో మాత్రం నాటుకోడే తింటాడు. "అవి అమ్మేటియి, ఇవి తినేటియి," అంటాడు. రాగిసంగటి, నాటుకోడి పులుసు పెట్టారు. సంగటి నమిలి తినేది కాదు, మింగేది. చిత్తూరు టౌనులో దాన్ని స్పూనుతో తినే హోటళ్లు వచ్చాయి. మునస్వామి ఇంట్లో స్పూను అడిగితే పరామర్శకు వస్తారు.

రెండో ముద్ద దగ్గర విషయం ఎత్తాను. సులోచన తప్పేమీ లేదు, గజేంద్ర చిక్కింది జబ్బు వల్ల అని.

మునస్వామి భార్య సుబ్బమ్మ పులుసు గరిటె అలాగే పట్టుకుని నిలబడింది. "అట్లంటావేందన్నా? గంజిలో కూడా సగం కొళాయి నీళ్లు కలిపి పోసిందంట గదా?"

"కొళాయి నీళ్లని నేను అనలేదమ్మా."

"నువ్వు అనకుంటే మాకెట్ల తెలుస్తాది?"

డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. పైనుంచి ఆర్డరు, లివర్ చెవులు, లోపలి మంట. మునస్వామి చెయ్యి కడుక్కోకుండా వింటూ కూర్చున్నాడు. అంతా అయ్యాక నిదానంగా అడిగాడు.

"నా కోళ్లకు బరువు రాకుంటే ఏమన్నావప్పా మొన్న?"

"జబ్బు అన్నాను."

"దాణా?"

"బంగారం అన్నాను."

"మీ తమ్ముడికి బరువు రాకుంటే ఏమంటివి?"

నేను సంగటి మింగాను. అది వేడిగా ఉంది, కళ్లలో నీళ్లు తిరిగాయి. సుబ్బమ్మ మజ్జిగ తెచ్చింది.

"అంటే దాణా నీదైతే కోడికి జబ్బు," అన్నాడు మునస్వామి. "దాణా ఆడమనిషి పోస్తే దాణాదే తప్పు. బలే వ్యాపారమప్పా నీది."

"అందుకే వచ్చినా మునస్వామీ. నువ్వు పదిమందికి చెప్పింటావు. ఇప్పుడు కాదని చెప్పల్ల."

"ఏమని చెప్పల్ల?"

"తప్పయిందని."

"ఎవురిది?"

"నాదే."

"అయితే సరే," అన్నాడు చెయ్యి కడుక్కుంటూ. "అది చెప్పేదానికి నాకు బలే సంతోషం. సాయంత్రమే మొదలుపెడతా."

చంద్రగిరి దాటేలోపు

తిరుపతి బస్సులో నా పక్కన ఒక నడివయసు ఆమె కూర్చుంది. మెడలో సిలువ, ఒడిలో ఫ్లాస్కు, దాని మీద మడిచిన తువ్వాలు. పేరు మేరమ్మ. పాకాల దగ్గర పల్లె, మామిడి తోటల్లో కూలి పని. అత్త తిరుపతి ఆస్పత్రిలో ఉంది. కాలి పుండు ముదిరి ఒళ్లంతా చీము పాకిందట. రోజూ జావ కాచుకుని పోతుంది.

"ఎంత పోసినా ముసలామె ఎండిపోతానే ఉండాది సార్. మా ఆడబిడ్డ వచ్చి సూసి, మా అమ్మను ఎండబెట్టి సంపుతా ఉండావు అనింది. ఊర్లో సంఘమంతా అదే మాట. ఆదివారం ప్రార్థనలో నా పక్కన ఎవురూ కూర్చోను కూడా కూర్చోలే."

నాకు సంతోషం వేసింది. సిగ్గుపడాల్సిన చోట సంతోషం వేసిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. నా దగ్గర వేడి వేడిగా జ్ఞానం ఉంది, దానికి సరిగ్గా సరిపోయే మనిషి పక్క సీట్లోనే దొరికింది. అంతా చెప్పాను. మునస్వామి దగ్గర తడబడిన చోట్లన్నీ ఈసారి నున్నగా వచ్చాయి.

మేరమ్మ ఓపిగ్గా విని, "ఈ మాట నాకెందుకు సార్? నాకు తెలియదా నేనేం పోస్తా ఉండానో? మా ఆడబిడ్డకు చెప్పు," అని ఫోన్ తీసి నంబరు నొక్కి నా చెవికి ఆనించింది.

అటునుంచి ఒక గొంతు. "ఏందీ?"

"అమ్మా, మీ అమ్మగారికి కండ పట్టకపోవడానికి మీ వదిన కారణం కాదు. లివర్ మాట వినడం లేదు," అన్నాను.

"నువ్వెవురు?"

"చిత్తూరు నుంచి మాట్లాడతా ఉండానమ్మా. దాణా వ్యాపారం."

"మా వదినకు ఏమవుతావు?"

"ఏమీ కాను. బస్సులో పక్కన కూర్చున్నా."

"ఓహో," అంది ఆ గొంతు. ఆ ఒక్క మాట ఆ సాయంత్రానికి పాకాల చుట్టుపక్కల ఏ రూపంలో పెరిగి ఉంటుందో నాకు బాగా తెలుసు. ఆ విద్యలో నేను చేయితిరిగినవాణ్ణి. ఫోన్ కట్ అయింది. మేరమ్మ నా వైపు చూసి, ఫ్లాస్కు సర్దుకుని, "పోన్లే సార్. ఇంతకుముందు నా మీద ఒక మాటే ఉండె," అంది. ఆ తర్వాత తిరుపతి దాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

బస్టాండులో దిగాక ఆమె ఆస్పత్రి వైపు పోయే ఆటో ఎక్కింది. నేను కూడా వచ్చి ఆ ఆడబిడ్డకు ఎదురుగా చెబుతానన్నాను. "వద్దు సార్," అంది చెయ్యెత్తి, గట్టిగానే.

అలిపిరి

ఆ పూట తమ్ముడి ఇంటికి పోలేదు. లాడ్జిలో గది తీసుకున్నాను. తిరుపతిలో సొంత తమ్ముడు ఉండి లాడ్జిలో దిగితే మావాళ్లు రెండు తరాలు చెప్పుకుంటారు. అయినా మెస్సు ముందునుంచి ఆటోలో పోతున్నప్పుడు తల అవతలికి తిప్పుకున్నాను, తిప్పేలోపే కనబడింది. సులోచన గల్లాపెట్టె దగ్గర ఉంది. బల్లలన్నీ ఖాళీ.

గజేంద్ర పొద్దున్నే అలిపిరి దగ్గర నడుస్తాడని తెలుసు. కండ తిరిగి రావాలంటే మంచి తిండి ఎంత ముఖ్యమో కదలడమూ అంతే ముఖ్యమని డాక్టర్లు చెప్పారు. మెట్ల మొదట్లో జనం కొబ్బరికాయ కొట్టి, కర్పూరం వెలిగించి, పసుపు కుంకుమ పెట్టుకుంటూ ఎక్కుతున్నారు. వాళ్ల మధ్యలో మా వాడు, మొక్కు లేకుండా కొండ ఎక్కే ఏకైక మనిషి. కొన్ని మెట్లు ఎక్కడం, కూర్చోవడం. ఇంకో కొన్ని ఎక్కడం, దిగడం. ప్రతి మెట్టుకూ బొట్టు పెడుతూ ఎక్కుతున్న ఒక ముసలమ్మ వాణ్ణి దాటిపోతూ, "గోవిందా అనప్పా, కాళ్లు వాటంతట అవే లేస్తాయి," అని సలహా ఇచ్చింది. "నా కాళ్లు ఇంకా పేరు గుర్తుపట్టడంలా అవ్వా," అన్నాడు వీడు.

నన్ను చూసి జరిగి చోటిచ్చాడు. చెంపలు నిండుతున్నాయి. మెడ దగ్గర చొక్కా ఇంకా వదులే.

"లాడ్జిలో దిగినావంట గదన్నా."

"ఎవురు చెప్పినారు?"

"ఊర్లో మాట నీ ఒక్కడి సొత్తా?"

బెల్లం తీద్దామని సంచి తెరిచాను. లాడ్జి గదిలో చీమలు నాకంటే ముందే ఆ పని చేశాయి. ఇద్దరం మెట్టు మీద కూర్చుని చీమలు దులిపాం. దులుపుతూనే చెప్పాను. తప్పు మాట అన్నానని, పూతలపట్టులోనూ బస్సులో ఒకామెకూ చెప్పానని, మిగతాది తుడవడానికి కాళహస్తి పోతున్నానని.

"నాకెందుకన్నా చెప్తావు? నేను స్పృహలో లేను. గంజి పోసినారో గంగ పోసినారో నాకేం తెలుసు," అన్నాడు. ఇంకో చీమను దులిపి, "తెలివొచ్చినాక దోమ వాలితే తోలదామని చూస్తే చెయ్యి లేయలా. నా చెయ్యే. అంత తిండీ యాడికి పోయిందో. జొరం పూర్తిగా పోయినాక, అదే తిండి, అదే మనిషి పెట్టేది, ఇప్పుడు పడతా ఉండాది," అన్నాడు.

"సులోచన ఏమంటుంది?"

"పొయి అడుగు. రెండు వీధుల అవతలే గదా."

"తిరిగి వచ్చేటప్పుడు వస్తా," అన్నాను.

వాడు నా మొహం చూసి నవ్వాడు. "కాళహస్తి దగ్గరన్నా నీకు. మెస్సే దూరం," అని లేచి, రెయిలింగు పట్టుకుని ఇంకో మెట్టు ఎక్కాడు.

శ్రీకాళహస్తి

ఈ ఊళ్లో రాహుకాలానికి ఒక ధర, మామూలు కాలానికి ఒక ధర. గుడి ముందు గంపలో తామరపువ్వు రాహుకాలం దగ్గరపడేకొద్దీ ఖరీదవుతుంది, అది దాటగానే వాడిపోయి చవకవుతుంది. తిండి విషయంలో మా చిత్తూరు వైపు పెళ్లి పంక్తిలో సాంబారుదే రాజ్యం. ఇక్కడికి నెల్లూరు గాలి తగులుతుంది, పులుసు లేని ఆకును ఆకుగా లెక్కపెట్టరు. చారు మాత్రం రెండు చోట్లా పరీక్ష. చారు బాగుంటే వంటమనిషి మిగతా తప్పులు మాఫీ.

రాజమ్మత్త మా నాయనకు అక్క. ఇంటి వరండా అంతా కలంకారీ గుడ్డలు. కొడుకు ఆ పని చేస్తాడు, పని ఎలా చేయాలో చెప్పేది ఆమె. పాలలో, కరక్కాయ రసంలో నానిన గుడ్డ వాసన వీధి మొగదల నుంచే వస్తుంది. అత్త నన్ను చూసి, నోట్లో ఆకు సర్దుకుని, "ఏమిరా చెంగా, ఈసారి ఎవురి మీద చెప్పను వచ్చినావు?" అంది.

"నా మీద చెప్పను వచ్చినానత్తా."

కూర్చోమంది. చీమలు దులిపిన బెల్లం అందుకుంది. సులోచన సంగతి మొదలుపెట్టాను.

"ఆస్పత్రోళ్లు ఇచ్చిన పాలపొడి మెస్సుకు తీసకపోయి పాయసం కాచి అమ్మిందంట గదరా?" అంది అత్త.

నేను చిత్తూరులో వదిలింది గంజినీళ్లు. పూతలపట్టులో దానికి కొళాయి కలిసింది. కాళహస్తి చేరేసరికి అది పాయసమైంది. నా తమ్ముడి ఒంటికి పట్టని పుష్టి అంతా ఈ మాటకు పట్టింది. దానికి ఏ లివరూ అడ్డం రాలేదు.

"నేను అట్లా చెప్పలేదత్తా."

"నువ్వు ఫోన్లో చెప్పింది రోంత. మిగతాది నేను అర్థం చేసుకున్నా."

కోళ్ల ఉదాహరణ ఇక్కడ పనికిరాదు, అత్త శాకాహారి. చుట్టూ చూశాను. గుడ్డల మీద నల్లగీతలకు ఇనుము నానబెట్టిన నీళ్ల కుండ కనబడింది. "అత్తా, కరక్కాయ పట్టించని గుడ్డ మీద ఇనపనీళ్లతో గీస్తే నలుపెక్కుతుందా?"

"ఎక్కదు. నాకే నేర్పిస్తా ఉండావా?"

"ఎంత మంచి ఇనపనీళ్లయినా?"

"గంగాళం దిమ్మరించినా అంతే."

"గజేంద్ర ఒళ్లు అప్పుడట్లా ఉండింది. తిండి పోస్తానే ఉన్నారు. పట్టేది లేదు. లోపల మంట."

అత్త పక్కనున్న గుడ్డ అంచును వేళ్లతో నలిపి చూసింది. అర్థమైందనుకున్నాను.

"అంటే ఆ డాక్టరు కరక్కాయ పెట్టలేదంటావు," అంది.

దోషి లేని కథ మా అత్తకు మింగుడుపడదు. ఆ గుణం నాకు ఏ రక్తంలోంచి వచ్చిందో ఆ వరండాలో అర్థమైంది. డాక్టరు తప్పు కూడా లేదని మొత్తుకున్నాను. ఆమె ఆకు ఉమ్మి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఒరే, అప్పుడు ఆ పిల్ల గంజి పోసిందని చెప్పినోడు చెంగడే. ఇప్పుడు పోయలేదని చెప్పేవాడూ చెంగడే. నేను ఏ చెంగణ్ణి నమ్మల్ల?"

దీనికి డాక్టరమ్మ ఏమీ నేర్పలేదు. బస్సులో తిప్పితిప్పి నున్నగా చేసుకున్న మాటలేవీ పనికిరాలేదు. "ఎవరో ఒకరు దోషి కావల్లంటే నేనుండా అత్తా," అన్నాను. "నేను చూడనిది చూసినట్టు చెప్పినా. డాక్టరు చెప్పింది విని కూడా చెప్పినా. ఆ పిల్లకు రావాల్సిన వంట నా నోటి వల్ల పోయింది. అది పోతే మెస్సు పోతుంది."

అత్త నా మొహం మీదనుంచి చూపు తీయకుండా, "ఇది నమ్మొచ్చు," అంది. తర్వాత లోపలికి కేకేసింది. "రేపు పొద్దున నాకు పట్టుచీర తీసి పెట్టు. తిరుపతి పోవల్ల. చారు తాగి చెప్తా."

తిరుపతి: మెస్సు

అత్తతో బస్సు ప్రయాణం గురించి రాయను. డ్రైవరుకు ఆమె చెప్పిన సూచనలు అతను పాటించాడని మాత్రం చెబుతాను.

మెస్సులో మధ్యాహ్నం వేళకు మూడు బల్లల దగ్గరే మనుషులున్నారు. గజేంద్ర గల్లా దగ్గర, సులోచన వడ్డనలో. ఆమె అత్త కాళ్లకు దండం పెట్టింది. నన్ను చూసి, "కూర్చో బావా," అంది. అందరికీ వేసినట్టే ఆకు వేసింది. భోజనం తొంభై రూపాయలు, చారు ఎన్నిసార్లయినా.

అత్త పప్పు ముట్టుకోలేదు. కూర ముట్టుకోలేదు. అన్నం గుంట చేసి చారు పోయించుకుని, కలిపి తిని, మిగిలినది దోసిట్లో పట్టి తాగింది. మెస్సంతా ఆమెనే చూస్తోంది. "ఇంకోసారి పొయ్యి," అంది. సులోచన పోసింది. అది కూడా అయ్యాక అడిగింది.

"ఏమ్మే, మా గజేంద్రకు ఆస్పత్రిలో ఏం పోసినావు?"

సులోచన చారు గిన్నె బల్ల మీద పెట్టింది. "ఆ నెల్లో నేను వండింది ఒక మెతుకు కూడా ఆయన గొంతు దిగలా అత్తా. అంతా ఆస్పత్రి పొడే, ఆస్పత్రి కొలతే. నర్సమ్మ కలిపిచ్చేది, నిదానంగా పొయ్యమనేది, నేను పోసేదాన్ని. పోస్తా ఉంటే నా కండ్ల ముందరే కరిగిపోతా ఉన్న్యాడు. నేను వండింటే నిలబడతాడేమో అని నాకూ అనిపించింది. అడిగితే వద్దన్నారు."

నేను తనిఖీ చేసి తీర్పు చెప్పింది ఆమె వంట మీద అనుకున్నాను. అది ఆమె వంటే కాదు.

"ఈడు చెప్పినాడు," అంది అత్త నా వైపు గడ్డం చూపించి. "తప్పు తనదే అని. పూతలపట్టులో కూడా చెప్పినాడంట."

"విన్న్యాను," అంది సులోచన. "మునస్వామన్న ఫోన్ చేసినాడు. బస్సులో ఎవురో ఆడమనిషికి కూడా చెప్పినాడంట, ఈయనకు అలిపిరి కాడ చెప్పినాడంట." అప్పుడు నా వైపు తిరిగింది. "అందరికీ చెప్పినావు బావా. దారిలో నా మెస్సు ఉండాది. దాటుకోని పోయినావు."

అన్నం నోట్లో ఉంది. మింగి చెప్పాను. పెద్ద మాటలేమీ రాలేదు. "నీ మీద లేనిది చెప్పినానమ్మా. తప్పు నాది," అన్నాను. ఇంత చిన్న వాక్యం కోసం అంత దూరం ఎందుకు తిరిగానో నాకు తెలుసు. అది పలకాల్సిన చోటు ఈ బల్ల ఒక్కటే. మిగతా ఊళ్లన్నీ దీన్ని తప్పించుకోవడానికి.

సులోచన సరే అనలేదు, పరవాలేదని కూడా అనలేదు. ఆకులో చారు పోసింది.

"పెళ్లి వంట నీదే," అంది అత్త.

"చేస్తానత్తా. ఒక మాట. ఆ రోజు బావ పంక్తిలో కూర్చోకూడదు."

"మరి?"

"సాంబారు బకెట్టు పట్టుకోని వడ్డించల్ల. ప్రతి ఆకు కాడా నిలబడి, ఇది మా మరదలు వండింది, అని చెప్పి పొయ్యల్ల. ఎవురెవురికి ముందు చెప్పినాడో వాళ్లంతా ఆడే కూర్చోనుంటారు గదా."

గజేంద్ర గల్లా దగ్గర తల వంచుకుని చిల్లర లెక్కపెడుతున్నట్టు నటించాడు. భుజాలు మాత్రం నవ్వుతున్నాయి. అత్త నన్ను అడగనుకూడా అడగలేదు. "పోస్తాడు," అంది.

పెళ్లి

పోశాను. సాంబారు బకెట్టు ఎంత బరువుంటుందో పంక్తిలో కూర్చుని తిన్నంతకాలం మనిషికి తెలియదు. ప్రతి ఆకు దగ్గరా ఆగాను, చెప్పమన్నది చెప్పాను. సుబ్బమ్మ, "తెలుసులే అన్నా, ఇంకో రోంత పొయ్యి," అంది. చిత్తూరు నుంచి వచ్చిన వాళ్లు నా మొహం చూడలేక ఆకులోకి చూసుకున్నారు. మూడో పంక్తికి సాంబారు అయిపోయి చారు తెప్పించాల్సి వచ్చింది. చేతులు కడుక్కునే చోట ఇద్దరు సులోచన ఫోన్ నంబరు అడిగి రాసుకోవడం కళ్లారా చూశాను.

రెండో పంక్తిలో ఎవరో దూరపు బంధువు, నేను గుర్తుపట్టలేదు, పక్కవాడితో అంటున్నాడు.

"సాంబారు పోసే ఈయప్ప ఎవురో తెలుసునా? చిత్తూరులో పెద్ద దాణా వ్యాపారమంట. కోళ్లన్నీ చచ్చి దివాలా తీసినాడంట. పాపం, మరదలి కాడ సర్వరుగా చేరినాడు."

పక్కవాడు నన్ను పాదం నుంచి తల దాకా చూశాడు.

"అందుకే అట్లా చిక్కిపోయినాడు," అన్నాడు.

ఆ మాట ఇప్పుడు నెల్లూరు దాకా పోయిందని విన్నాను. మొన్న అంగడికి ఒక పాత ఖాతాదారుడు వచ్చి, ఇంకా తెరిచే ఉందా అని ఆశ్చర్యపోయాడు. తెరిచే ఉందని చెప్పి మూట తూకం వేసి ఇచ్చాను. మిగతాది సరిదిద్దలేదు.